మూడో వలయం

పెర్త్ నగరానికి దూరంగా, యల్‌బరింగ్ ఊరికి తూర్పున, గోధుమ చేల నడుమ, ఆకాశానికి నోరు తెరుచుకొని పెద్ద తెల్లని డిష్ ఒకటి నిలబడి ఉంటుంది. దాని పక్కన ఇటుక భవనం. లోపల యంత్రాలు, తెరలు, రెండు కుర్చీలు, ఒక టీ కెటిల్. హిందూ మహాసముద్రం మీద ఎగిరే విమానాలు ఉపగ్రహం ద్వారా నేలతో పలికే పలుకులన్నీ అక్కడికే దిగుతాయి. ఊరివారికి దాని గొడవ పట్టదు. గులాబి రొమ్ముల గలా చిలుకలకు మాత్రం పడుతుంది. చేను మొలకెత్తే రోజుల్లో అవి గుంపుగా వచ్చి, డిష్ అంచు మీద బారులు తీరి, కేబుళ్ల మీది రబ్బరును తీరిగ్గా ఒలుచుకుంటాయి.

ఆ జూన్ మధ్యాహ్నం బ్రాంకో విదులిచ్ పాత మూకుడొకటి గరిటెతో వాయిస్తూ వాటిని తోలాడు. తోలి, బూట్ల మట్టి గుమ్మానికి రాచి లోపలికి వచ్చాడు.

"పోయాయా?" అంది నోరీన్ కియో, తెర మీంచి చూపు తిప్పకుండా.

"పోయాయి. ఒకటి మాత్రం నన్ను తిట్టి మరీ పోయింది."

"మీ క్రొయేషియా భాషలోనా?"

"తిట్టుకి భాషేంటి నోరీన్? మొహం చూస్తే తెలీదూ?"

బ్రాంకో ఉద్యోగ విరమణకు దగ్గర పడిన మనిషి. నోరీన్ అతనికన్నా ఐదారేళ్లు చిన్నది. ఆ గదిలో అతనితో కలిసి గడిపినంత కాలం ఆమె తన పెనిమిటితో కూడా గడపలేదు. ఆయన ట్రాక్టరు తిరగబడి పోయేనాటికి కూతురు రోనాకు ఇంకా నడక రాలేదు. ఆనాటి నుంచి నోరీన్‌కు మనిషన్నది ఆ ఒక్కతే. రోనా ఇప్పుడు విమానంలో సీట్ల వరుసల మధ్య తిరుగుతూ ప్రయాణికుల బెల్టులు, మంచిచెడ్డలు చూసే కొలువులో ఉంది. ఆ రోజు పెర్త్ నుంచి కోకోస్ దీవులకు వెళ్లే విమానమెక్కింది. కూతురు ఎక్కిన విమానం పేరు తెర మీద కనబడుతున్నంతసేపూ నోరీన్ దాన్ని ఓరకంట చూసుకుంటూనే పని చేసేది. అది నిబంధనలకు విరుద్ధం కాదు.

"పొద్దున ఫోన్ చేశావా?" అన్నాడు బ్రాంకో, సాసేజి పెట్టిన రొట్టె పొట్లం విప్పుతూ.

"రెండుసార్లే."

"రెండుసార్లే!"

"రెండోసారికి విసుక్కుంది. 'ఊపిరాడనివ్వు అమ్మా. బతికే ఉన్నానని నీకు చెప్పడంతోనే నా పొద్దంతా సరిపోతోంది. ఇంక చెయ్యకు' అని పెట్టేసింది."

"నీకంటే మన యంత్రం నయం. అది గంటకోసారే అడుగుతుంది."

అది వారిద్దరి మధ్య ఏళ్ల తరబడి నలిగిన పరిహాసం. ఏ విమానమైనా ఒక గంటసేపు ఏ పలుకూ లేకుండా ఉంటే, ఇక్కడి యంత్రం దానంతట అదే ఆకాశంలోకి ఒక ప్రశ్న పంపుతుంది: ఉన్నావా? విమానంలోని పెట్టె, మనిషి ప్రమేయం లేకుండానే జవాబిస్తుంది: ఉన్నాను. అంతే. ఎక్కడ, ఎలా, ఎవరితో అన్నదేమీ ఉండదు. కేంద్రంలో దానిని పలకరింపు అనేవారు.

మూడు కావస్తుండగా కోకోస్ విమానం మాట ఆగిపోయింది.

మొదట దానిని ఎవరూ పట్టించుకోలేదు. రేడియోకు పలకలేదు. మబ్బులేమో అనుకున్నారు. తరువాత, తానెక్కడున్నదీ చెప్పుకుంటూ పోయే చిన్న సందేశాలు కూడా రావడం మానేశాయి. దారిలో ఉన్న మరో విమానం పిలిచి చూసింది, బదులు లేదు. నాలుగు గంటలకు యంత్రం తన అలవాటు ప్రకారం అడిగింది. జవాబు వచ్చింది.

ఉన్నాను.

నోరీన్ కుర్చీ చేతిని పట్టుకున్న పట్టు విడవలేదు. కాన్‌బెరాలోని గాలింపు కార్యాలయం నుంచి హారియెట్ స్లేటర్ అనే అధికారిణి ఫోన్ చేసింది. ఆమె గొంతు ఎండిన కర్రలా ఉంది.

"మీ దగ్గరేమైనా ఉందా?"

"పెట్టె బతికే ఉంది మిస్ స్లేటర్," అన్నాడు బ్రాంకో. "ఇప్పుడే పలికింది. వలయం గీసి పంపాను."

"ఒక్క వలయంతో నేనేం చేసుకోను?"

"ఏం చేసుకోలేరు. ఇంకో రెండు రావాలి."

ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి విమానం ఉపగ్రహానికి ఎంత ఎడంగా ఉన్నదీ తేలుతుంది. ఎంత దూరమో తెలుస్తుంది గాని, ఏ వైపో తెలియదు. అందుచేత సముద్రపు పటం మీద ఒక పెద్ద వలయం గీస్తారు. విమానం ఆ గీత మీద ఎక్కడైనా ఉండవచ్చు. గంట గడిచాక మరొకటి. ఆపైన మరొకటి. మూడు వలయాలు పడితే, వాటిని కోసుకుంటూ పోయే దారి ఎటు వంగుతున్నదో లెక్క కట్టవచ్చు.

"నాకు అందుబాటులో ఉన్నది ఒక్కటే ఓడ," అంది స్లేటర్. "ఉత్తరానికా దక్షిణానికా? మీరు చెబితేనే తిప్పుతాను. ఇంధనం ఆరున్నర దాటదంటున్నారు. ఇంకో మాట. ఎవ్వరూ, ఎవ్వరూ కూడా, ఆ విమానానికి ఫోన్ చెయ్యకూడదు. కంపెనీ వాళ్లకీ చెప్పాను. మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటా."

"లేదు," అన్నాడు బ్రాంకో.

ఆ విషయం వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉపగ్రహపు ఫోను మీద విమానాన్ని పిలిస్తే, ఎవరు ఎత్తినా ఎత్తకపోయినా, యంత్రం దానిని ఒక పలుకు కిందే లెక్కగట్టి తన గడియారాన్ని మొదటికి తిప్పుకుంటుంది. మళ్లీ గంట నిండేదాకా అడగదు. ఫోను మోతలో మాత్రం దూరపు కొలత దొరకదు. అంటే, పిలిచిన ప్రతిసారీ ఒక వలయం పోతుంది.

స్లేటర్ ఫోన్ పెట్టేశాక బ్రాంకో చాలాసేపు నోరీన్ వైపు చూడలేదు.

"నువ్వింటికి పో," అన్నాడు చివరికి.

"ఇంట్లో ఏముంది?"

"పెర్త్ నుంచి సాయానికి అట్వెల్ అనే వాణ్ణి పంపుతున్నారు. బయల్దేరాడట. వాడొచ్చేదాకా నేనుంటాగా."

"నేను కదలను బ్రాంకో. ఇంకా ఏమన్నా చెప్పాలా?"

అతడు లేచాడు. కెటిల్ పెట్టాడు. ఆ టీ ఎవరూ తాగలేదు.

ఐదింటికి యంత్రం అడిగింది. జవాబు వచ్చింది. రెండో వలయం మొదటిదానికన్నా పెద్దది. విమానం ఎగురుతూనే ఉంది. ఎటో పోతూనే ఉంది.

అక్కడ జూన్ అంటే చలికాలం, పొద్దు హఠాత్తుగా కూలుతుంది. కిటికీ అవతల చేను బూడిద రంగు తిరిగింది. పడమట ఒక ఎర్రని చార మిగిలి, అది కూడా ఆరింది. గొర్రెల తడి ఉన్ని వాసన, నలిగిన యూకలిప్టస్ ఆకుల వాసన తలుపు సందుల్లోంచి వస్తున్నాయి. గాలి లేచింది. డిష్ ఉక్కు కాళ్ల మధ్యనుంచి అది దూరి పోతుంటే, సీసా మూతి మీద ఎవరో ఊదుతున్నట్టు సన్నని, తెగని మోత. ఆ మోత వారికి అలవాటే. అయినా బ్రాంకో రెండుసార్లు తల తిప్పి చూశాడు.

"మా నానమ్మ ఉండేది," అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలి గనక. "ఫ్రిమాంటిల్ రేవులో. చేపల పడవ ఏదైనా తిరిగి రాకపోతే ఆడాళ్లంతా జెట్టీ మీదికి పోయేవాళ్లు. పొద్దుగూకిందాకా పేర్లు పెట్టి పిలిచేవాళ్లు. గూకాక మాత్రం పిలవనిచ్చేది కాదు."

"ఎందుకని?"

"పిలిస్తే వచ్చేది మనవాళ్లేనని నమ్మకమేంటి, అనేది."

నోరీన్ అతని వైపు చూసింది. "ఇప్పుడు చెప్పాల్సిన కథేనా ఇది?"

"కాదు. క్షమించు. మూర్ఖుణ్ణి."

ఆరు కావస్తుండగా దీపాలు ఒకసారి కునికాయి. మళ్లీ వెలిగాయి. మళ్లీ కునికాయి. కరెంటు పోతే యంత్రాలు ఆగకుండా డీజిల్ జనరేటర్ సిద్ధంగా ఉంచడం వారి విధి. బ్రాంకో కోటు తొడుక్కున్నాడు.

"ఐదు నిమిషాలు. ఆరింటికల్లా ఇక్కడుంటాను. ఆ మూడో వలయం పడితే అమ్మాయి ఏ వైపుందో తెలిసిపోతుంది. నోరీన్, వింటున్నావా?"

"వింటున్నాను."

తలుపు మూసుకుంది. అతని బూట్ల చప్పుడు కంకర మీద దూరమైంది.

గదిలో యంత్రాల చిన్న హోరు. తెర మీద పలకరింపు గడియారం నింపాదిగా నిండుతోంది. బల్ల చివర పరీక్షల కోసం వాడే ఫోను ఉంది. ఏ విమానాన్నయినా దానితో పిలవవచ్చు. నోరీన్ దాని వైపు చూడకూడదనుకుంది. చూడలేదు కూడా. కాని కూతురు ఎక్కడో చీకట్లో, నీళ్ల మీద, మేలుకొని ఉండి, ఎవరూ తమను అడగడం లేదని అనుకుంటుందేమోనన్న ఊహ ఒకటి ఆమెలో చొరబడింది. అది చొరబడిన తరువాత, ఏళ్లుగా తెలిసిన నియమం, అందులోని న్యాయం, ఓడ, వలయం అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం వాటి మాట వినలేదు.

ఫోన్ మోగింది. అవతల, విమానంలో... మోగుతూనే ఉంది.

ఎవరూ ఎత్తరు అనుకుంది. ఇక పెట్టేద్దామనుకుంది.

ఎత్తారు.

మాట లేదు. చప్పుడుంది. పెద్ద గదిలో చాలామంది ఒకేసారి ఊపిరి పీల్చి, ఒకేసారి వదులుతున్నట్టు. పీల్చడం... ఆగడం... వదలడం.

"రోనా?" అంది నోరీన్ గుసగుసగా.

ఊపిరి ఆగింది. అందరిదీ.

ఆ పైన చెవి పక్కనే పెదవులు పెట్టినంత దగ్గరగా ఒక గొంతు:

"ఇంకోసారి చెయ్."

లైను తెగింది.

నోరీన్ ఫోను పెట్టేసింది. తెర వైపు చూసింది. నిండవచ్చిన గడియారం మొదటికి తిరిగి, ఏమీ ఎరగనట్టు కొత్త గంటను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బ్రాంకో చలిగాలితో కలిసి లోపలికి వచ్చాడు. కోటు విప్పబోయి, సగంలో ఆగాడు. తెరను చూశాడు, ఫోనును చూశాడు, ఆమెను చూశాడు.

"ఎంత పని చేశావు నోరీన్."

"ఎత్తింది. రోనా ఎత్తింది బ్రాంకో. మాట్లాడింది."

అతడు వంగి యంత్రం రాసిన వరుసను చదివాడు. మళ్లీ చదివాడు. "ఎవరూ ఎత్తలేదంటోంది ఇది. మోగి మోగి ఆగిందట."

"నేను విన్నాను."

"విన్నావు. సరే, విన్నావు." అతడు కూలబడ్డాడు. "పది నిమిషాలు ఆగుంటే ఆరింటికి అడిగేది. ఇప్పుడు ఏడు కావస్తుంటే అడుగుతుంది. ఇంధనం ఆరున్నరకి అయిపోతుంది. అర్థమవుతోందా? అది అడిగేసరికి..."

మిగిలింది ఆమెకు తెలుసు.

స్లేటర్ ఆరింటికి ఫోన్ చేసింది. "మూడోది?"

"ఆలస్యమవుతుంది," అన్నాడు బ్రాంకో.

"ఎందుకు?"

అతడు నోరీన్ వైపు చూశాడు. ఆమె తన అరచేతులను చూసుకుంటోంది.

"కరెంటు," అన్నాడు. "యంత్రం తిక్క తిక్కగా ఉంది."

"అయితే ఓడని దక్షిణానికి తిప్పుతున్నాను," అంది స్లేటర్. "గుడ్డిగా. ఆ దేవుడెవరైనా ఉంటే..." తరువాతి మాట మింగేసి పెట్టేసింది.

ఆరున్నర అయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఎక్కడో ఎవరూ చూడని చోట, నీటి మీద, ఒక పెద్ద చప్పుడు అయి ఉండాలి. ఆ గదిలోకి ఏ చప్పుడూ రాలేదు. గాలి మోత కూడా ఆగిపోయింది. అది ఎప్పుడు ఆగిందో వారు గమనించలేదు.

ఇక యంత్రం అడుగుతుంది. అడిగితే జవాబు రాదు. జవాబు రాలేదన్న వరుస తెర మీద పడుతుంది. ఆ వరుస పడేంతవరకు రోనా ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నోరీన్ ఆ ఎడాన్ని చూసుకుంటూ కూర్చుంది. అందులోనే ఇల్లు కట్టుకోవచ్చుననిపించింది ఆమెకు. పిలుస్తూ ఉంటే యంత్రం అడగదు. అడగకపోతే ఎవరూ చావరు.

పక్క గదిలో ఫోన్ మోగింది. పెర్త్ నుంచి వస్తున్న అట్వెల్, దారి అడగడానికి. బ్రాంకో లేచాడు.

"ఆ ఫోను ముట్టుకోకు."

"ముట్టుకోను."

"ఒట్టు?"

"పో బ్రాంకో."

అతడు పక్క గదిలో, "కాదయ్యా, ధాన్యం గాదెల దగ్గర ఎడమకి. ఎడమకి!" అని అరుస్తుండగానే ఆమె ఫోను ఎత్తింది.

ఈసారి మోగనేలేదు. ఎత్తి పట్టుకొని ఎదురుచూస్తున్నట్టు అవతలి ఊపిరి వెంటనే వినిపించింది.

"రోనా, ఎక్కడున్నావ్?"

"ఆపకు," అంది గొంతు. "నువ్వు చేస్తూ ఉంటే... అది అడగదు."

"ఏది?"

"అడిగేది. గంటకోసారి." ఊపిరి. "అడిగితే చెప్పాలి. మేం... అబద్ధం చెప్పలేం."

వెనకనుంచి మరికొన్ని గొంతులు, పెద్దవి, పిల్లలవి, పాఠం అప్పజెప్పినట్టు సన్నగా అన్నాయి: చెప్పలేం... చెప్పలేం...

గొంతు రోనాదే. చిన్నప్పుడు గొంతువాపు వచ్చినప్పటి ఆ బొంగురు కూడా రోనాదే. మాట మాత్రం రోనాది కాదు. ఆ పిల్ల బతికినన్నాళ్లూ తల్లితో ఫోను చెయ్యకు అన్నదే గాని, ఇంకోసారి చెయ్ అన్న పాపాన పోలేదు. నోరీన్‌కు ఆ సంగతి నిండా తెలిసింది. తెలిసీ, ఫోనును చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

"చలిగా ఉందా నాన్నా?" అని అడిగింది.

జవాబు రాకముందే ఫోను ఆమె చేతిలోంచి ఊడిపోయింది. బ్రాంకో గోడలోంచి తీగను పెరికి, చేతికి చుట్టుకొని నిలబడ్డాడు. అతని ముఖం సున్నంలా ఉంది.

"నాకూ వినిపించింది," అన్నాడు.

"అయితే తిరిగి పెట్టు."

"పెట్టను."

"నీ కూతురైతే?"

"నా కూతురైతే నువ్వు పెరికేదానివి." అతడు కూర్చున్నాడు. తీగ విప్పలేదు. "అడగనీ నోరీన్. ఏదైతే అదవుతుంది. అడగనీ."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఆ తరువాతి గంట వారు ఎదురెదురుగా కూర్చొని గడిపారు. బ్రాంకో ఒకసారి బిస్కెట్ల డబ్బా ఆమె ముందుకు జరిపి, మళ్లీ తనే వెనక్కు లాక్కున్నాడు. బయట ఏ పక్షీ లేదు. గొర్రె అరవలేదు. క్రమంగా గదిలోకి ఒక వాసన రాసాగింది. తడి ఉన్నిది కాదు. ఆకులది కాదు. ఉప్పు, నాచు... దానితో కలిసి కిరోసిన్ లాంటి ఘాటు. సముద్రం అక్కడికి కారులో మూడు నాలుగు గంటల ప్రయాణం.

"నీకు వస్తోందా?" అంది నోరీన్.

"జనరేటరు," అన్నాడు బ్రాంకో.

జనరేటరు వెయ్యనే లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గంట నిండింది.

యంత్రం అడిగింది: ఉన్నావా?

మామూలుగా ప్రశ్న వెళ్లాక కనురెప్ప వేసి తీసేంత వ్యవధి ఉంటుంది. డిష్ నుంచి ఉపగ్రహానికి, అక్కడినుంచి విమానానికి, మళ్లీ అదే దారిన వెనక్కి. వెలుతురంత వేగంతో పోయినా అంత దూరానికి ఆ మాత్రం పడుతుంది. ఏళ్లుగా చూసినవారికి ఆ వ్యవధి ఒంట్లో ఉంటుంది, గుండె కొట్టుకున్నట్టు.

ఈసారి ఆ వ్యవధి లేదు.

ఉన్నాను.

ప్రశ్నా, జవాబూ ఒకేసారి తెర మీద పడ్డాయి. నోరీన్ నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. అది సంతోషమో మరేమో ఆమెకే తెలియదు.

"పలికింది! బ్రాంకో, పలికింది!"

అతడు తెర మీదికి వంగాడు. పటం మీద మూడో వలయం కోసం చూస్తున్నాడు. యంత్రం దానిని గీయబోయి ఆగిపోయింది. గీయడానికి దూరమంటూ ఏమీ లేదు. కొలత ఉండవలసిన చోట సున్నా ఉంది.

"తప్పు పడి ఉంటుంది," అంది నోరీన్. "మళ్లీ లెక్క కట్టు."

"కట్టాను."

"మరి?"

"ఇది పైకి వెళ్లొచ్చిన జవాబు కాదు." అతడు ఆ సున్నా మీద వేలు పెట్టాడు. "ఉపగ్రహం దాకా పోలేదు. ఎక్కడికీ పోలేదు. మన డిష్‌కి ఎదురుగా నిలబడి చెబితేనే... ఇంత తొందరగా వస్తుంది."

వారు కిటికీ వైపు చూడలేదు. చూడకూడదని ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. అయినా చూడలేదు.

కాన్‌బెరా నుంచి ఫోన్ మోగింది. బ్రాంకో ఎత్తి, స్లేటర్ అడగకముందే అన్నాడు: "పలకలేదు. అయిపోయింది." అవతల ఆమె ఏమన్నదో నోరీన్‌కు వినబడలేదు. ఓడ దక్షిణానికి పోతూనే ఉంది. అక్కడ ఏమీ దొరకదని ఆ గదిలో ఉన్న ఇద్దరికీ ఆ క్షణాన తెలుసు. ఓడను ఏమీ దొరకని చోటుకు పంపిన చెయ్యి తన ఒళ్లోనే ఉంది. నోరీన్ దాన్ని రెండో చేత్తో కప్పుకుంది.

కారు వెలుతురు గోడ మీద ఒకసారి తిరిగి ఆరిపోయింది. కంకర మీద అడుగులు. ఒకే మనిషివి. బ్రాంకో తలుపు గొళ్లెం తీయడానికి చాలాసేపు పట్టింది.

డెస్మండ్ అట్వెల్ లోపలికి వచ్చాడు. బొద్దు మనిషి, ప్రయాణపు చిరాకు మొహం నిండా ఉంది. అతడు యల్‌బరింగ్ రావడం అదే మొదలు. నోరీన్ ఎవరో, ఆమె కూతురెవరో అతనికి తెలియదు. టోపీ తీసి దులిపాడు.

"ఎడమకన్నారు గాని, ఆ గాదెల దగ్గర రెండు ఎడమలున్నాయని చెప్పరేం? ఏమైంది, తేలిందా?"

"లేదు," అన్నాడు బ్రాంకో.

"పాపం. ఆ బయటివాళ్లకి చెప్పారా మరి?"

"ఏ బయటివాళ్లు?" అన్నాడు బ్రాంకో.

"పక్క చేలో ఉన్నారుగా. బంధువులనుకుంటాను, విషయం తెలిసి వచ్చి ఉంటారు. ఈ చలిలో అలా నిలబెట్టారేంటి వాళ్లని? దీపం కూడా లేదు. నా కారు దీపాలు పడితే కనబడ్డారు." అతడు చేతులు రుద్దుకున్నాడు. "హారన్ కొట్టినా తల తిప్పలేదు. అదేం నిలబడటమో! ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, మధ్యలో మనిషి పట్టేంత సందు. వెనక మళ్లీ ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. చేను ఆ చివరిదాకా అంతే."

బ్రాంకో చేతికి చుట్టుకున్న తీగ బిగిసింది.

"అందరూ కదలకుండానే ఉన్నారా?" అని అడిగింది నోరీన్, మెల్లగా.

"ఒకమ్మాయి తప్ప. ఆ సందులో అటూ ఇటూ నడుస్తోంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వాళ్ల నడుము దగ్గరికి వంగి ఏదో చేస్తోంది." అట్వెల్ కెటిల్ మూత ఎత్తి చూశాడు. "బిగిస్తోందో, విప్పుతోందో... నాకు తెలియలేదు."